భుజం ఆపరేషన్ తర్వాత చేయి తిప్పే వ్యాయామాలు: ఆరోగ్యశ్రీ లబ్ధిదారులకు సూచనలు

ఆరోగ్యశ్రీ కింద భుజానికి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చిన వారి కోసం, వారిని చూసుకునే ఇంట్లోవాళ్ల కోసం ఈ సమాచారం. తెగిన కండరానికి డాక్టరు గారు కుట్టు వేస్తారు. ఆ కండరానికి మళ్లీ పని నేర్పాల్సింది మాత్రం మీరే. కట్టు విప్పారు కదా అని వెంటనే బస్తా ఎత్తితే కుట్టు మళ్లీ తెగే ప్రమాదం ఉంది.

భుజంలో ఏ కండరం ఏం చేస్తుంది?

పైకి గుండ్రంగా కనిపించే పెద్ద కండరం డెల్టాయిడ్. చేతిని పైకెత్తేది ముఖ్యంగా ఇదే. దాని లోపల నాలుగు చిన్న కండరాలు ఉంటాయి. వీటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. చేయి ఎముక గుండు గుంతలోంచి జారకుండా పట్టి ఉంచేవి ఇవే. వెనక ఉన్న రెండు చేతిని బయటికి తిప్పుతాయి, ముందున్నది లోపలికి తిప్పుతుంది, పైనున్నది చేయి ఎత్తడానికి సాయం చేస్తుంది. తల దువ్వుకోవాలంటే చేయి బయటికి తిరగాలి. నడుం వెనక కొంగు దోపుకోవాలంటే లోపలికి తిరగాలి. ఆపరేషన్ తర్వాత ముందుగా ఇబ్బంది పెట్టేవి ఈ పనులే.

తక్కువ బరువు ఎందుకు?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఎక్కువ బరువు పట్టుకుంటే త్వరగా బలం వస్తుందనుకుంటారు. చర్మం మీద చిన్న తీగలు అంటించి ఏ కండరం ఎంత పని చేస్తోందో కొలిచి చూస్తే తేలింది వేరు. బరువు పెరిగేకొద్దీ పెద్ద కండరం ముందుకొచ్చి పనిని పంచుకుంటుంది, చిన్నవాటి వాటా తగ్గుతుంది. అంటే మీరు కష్టపడినా, బలం రావాల్సిన చోటికి అంతగా రాదు. అందుకే బరువు తక్కువ, వేగం తక్కువ.

ఎలా చేయాలి?

డాక్టరు గారు గానీ ఫిజియోథెరపిస్టు గానీ చేయమన్నాకే మొదలుపెట్టండి. కుట్టు వేసిన భుజానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పట్టీ ఉంటుంది. బరువుతో చేసే వ్యాయామం చాలావరకు మూడు నెలల తర్వాతే. పక్కింటాయన ముందే మొదలుపెట్టాడని మీరు మొదలుపెట్టకండి, ఆయన దెబ్బ వేరు, మీ దెబ్బ వేరు.

బాగున్న భుజం కిందికి వచ్చేలా పక్కకి పడుకోండి. పైనున్న చేతి మోచేయిని మడిచి నడుముకు ఆనించండి. మోచేయికీ ఒంటికీ మధ్య చుట్టిన తువ్వాలు పెట్టండి. ఈ తువ్వాలు చిన్న విషయం అనుకోవద్దు. ఇది ఉంటే మోచేయి పక్కకి జరగదు, వెనక కండరాలు ఇంకా బాగా పనిచేస్తాయి. ఇప్పుడు ముంజేతిని మెల్లగా పైకి తిప్పి, అంతకంటే మెల్లగా దించండి. మొదట ఉత్త చేత్తో, తర్వాత అర లీటరు నీళ్ల సీసాతో. పది సార్లు చేసి ఆగండి, కాసేపయ్యాక ఇంకో పది.

లోపలికి తిప్పడానికి రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు కట్టి, తువ్వాలు అలాగే ఉంచి, చేతిని పొట్ట వైపు లాగండి.

భుజం వెనక అలసటగా అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టే. పోటు వస్తే ఆపేయండి. మర్నాటికీ నొప్పి తగ్గకపోతే బరువు తగ్గించండి. జ్వరం, కుట్టు దగ్గర చీము, చేయి తిమ్మిరి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. షుగరు ఉన్నవారికి భుజం బిగుసుకుపోవడం ఎక్కువ, కాబట్టి డాక్టరు గారు చెప్పిన కదలికలు మానొద్దు.

డిశ్చార్జి కాగితాల్లో ఫిజియోథెరపీ తేదీ లేకపోతే, ఆసుపత్రి వదిలే ముందే ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోండి. ఇంటికి వచ్చాక సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి.