గళ్ల కాగితం మీద కొల్లేరు

ఆకును గళ్ల కాగితం మీద పెట్టి, అంచు గీయించి, గళ్లు లెక్కపెట్టించి వైశాల్యం చెప్పించడం మా బడిలో పాత అలవాటే. సగానికి పైగా నిండిన గడి ఒకటి, తక్కువైతే సున్నా. ఉపగ్రహ చిత్రంలో సరస్సును కొలవడం కూడా దాదాపు ఇంతే.

కొల్లేరునే తీసుకుందాం. అభయారణ్యం హద్దు షేప్‌ఫైల్‌లో గీతగా, అంటే బిందువుల వరుసగా ఉంటుంది. సెంటినెల్-2 చిత్రమేమో గళ్ల మయం. ఒక్కో గడి 10 మీటర్ల చదరం. హద్దు లోపలి గడికి 1, బయటి గడికి 0 వేస్తే వచ్చేదే మాస్కు. ఆ 1 గళ్లలో నీరున్నవి ఎన్నో లెక్కించి 100తో హెచ్చిస్తే నీటి విస్తీర్ణం చదరపు మీటర్లలో వస్తుంది.

చిక్కంతా అంచు దగ్గరే. పైథాన్‌లోని రాస్టీరియో మామూలుగా గడి మధ్యబిందువు హద్దులో పడితేనే లోపలిదిగా లెక్కిస్తుంది. 5 మీటర్ల వెడల్పు కాలువను ఇలా మారిస్తే ముక్కలుముక్కలుగా తెగిపోతుంది. గీత తాకిన ప్రతి గడినీ కలుపుకోమని చెప్పవచ్చు. అప్పుడు గట్టు అవతలి రైతు పొలం కొంత సరస్సు ఖాతాలో పడుతుంది. అందుకే ఏ నియమం వాడారో రాయకుండా విస్తీర్ణం మాత్రమే చెబితే మేము ఒప్పుకోం.

హద్దు డిగ్రీల్లోనూ, చిత్రం మీటర్లలోనూ ఉంటే రెండూ కలవవు. లోపల ఒక్క గడీ మిగలదు. ముందు హద్దును చిత్రం కొలతలోకి మార్చుకోవాలి. జామెట్రీ మాస్క్ అనే ఆదేశం మరీ తమాషా. ప్రత్యేకంగా అడగకపోతే లోపలిని తప్పు, బయటిని ఒప్పు అంటుంది. మొదటిసారి మేము కొల్లేరును వదిలేసి చుట్టుపక్కల చేపల చెరువుల నీళ్లన్నీ కొలిచాం.