పెద్దలలో పక్క తడియుట: సిగ్గు విడిచి చేయవలసిన పనులు

పసిబిడ్డ పక్క తడిపిన యెడల తల్లి నవ్వుచు బొంత మార్చును. అరువది యేండ్ల పెద్దాయన పక్క తడిసిన యెడల ఆ ఇంటిలో ఎవరును నవ్వరు, ఎవరును మాటాడరు. ఆయన తెల్లవారుజామున అందరికంటె ముందు లేచి, దుప్పటి తానే తడిపి, పెరటి దండెముమీద ఆరవేయుదురు. కూతురు పండుగకు రమ్మని కబురు పంపినను వెళ్ళరు. పెండ్లికి వెళ్ళినను రాత్రి నిలువక చివరి బస్సులో తిరిగి వచ్చెదరు. ఇట్టివారు మనము తలచునంత తక్కువ కారు. పెద్దవారిలో నూటికి ఒకరిద్దరికి ఈ బాధ కలదని వైద్యుల అంచనా. అందులో పలువురు వైద్యునితో ఈ మాట చెప్పనే చెప్పరు.

ఇది చెడు అలవాటు కాదు, సోమరితనము కాదు, గాలి సోకుట అంతకంటె కాదు. నిద్రలో జరుగు పనికి నిద్రించువారు బాధ్యులు కారు. దీనికి కారణములు కలవు. అనేకులకు చికిత్స కలదు. చికిత్స జరుగుచుండగా పక్కను పొడిగా ఉంచుకొను ఉపాయములును కలవు.

రాత్రివేళ ఏమి జరుగును?

మూత్రపిండములు రేయింబవళ్ళు పనిచేయుచుండును. అయితే రాత్రి వేళ మెదడు నుండి వెలువడు వాసోప్రెసిన్ అను రసము వాటి వేగమును తగ్గించును. కావున ఆరోగ్యవంతులకు రాత్రి తక్కువ మూత్రము తయారగును. మూత్రాశయము నిండినపుడు మెదడుకు కబురు అంది, మెలకువ వచ్చును. ఈ మూడింటిలో ఏది తప్పినను పక్క తడియును: రాత్రి మూత్రము అధికముగా తయారగుట, మూత్రాశయము కొద్దిపాటి మూత్రమును సైతము పట్టి ఉంచలేకపోవుట, నిండినను మెలకువ రాకపోవుట.

వీటి వెనుక ఉండు వ్యాధులు పెక్కు. మధుమేహము, మూత్రనాళములో చీము, పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుట, స్త్రీలలో కాన్పుల పిదప కటి కండరములు సడలుట, పక్షవాతము, వెన్నుపూస జబ్బులు, తీవ్రమైన మలబద్ధకము ముఖ్యమైనవి. పెద్దగా గురక పెట్టుచు నడుమ నడుమ ఊపిరి ఆగువారికిని రాత్రి మూత్రము అధికమగును. నిద్రమాత్రలు, మద్యము మెలకువను చెరచును. రక్తపోటునకు వాడు కొన్ని మాత్రలు మూత్రమును పెంచును. అట్టివానిని ఏ వేళ మ్రింగవలెనో వైద్యుని అడుగవలెను గాని తామై మానరాదు.

మొదట చేయవలసినది

మూడు దినముల లెక్క వ్రాయవలెను. ఏ వేళ ఎంత త్రాగినారు, ఏ వేళ ఎంత మూత్రము పోసినారు, ఎప్పుడు పక్క తడిసినది అనునవి ఒక కాగితముమీద గుర్తించవలెను. కొలత గీతలున్న ప్లాస్టిక్ పాత్ర ఒకటి దీనికై విడిగా ఉంచుకొనిన చాలును. చదువు రానివారికి ఇంటిలోని పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. నిద్రించిన తరువాత వచ్చినదియు, ఉదయము లేవగానే వచ్చినదియు కలిపి రాత్రి లెక్కలో వేయవలెను. 65 ఏండ్లు దాటినవారిలో ఆ మొత్తము దినపు మూత్రములో మూడవ వంతు మించినచో, రాత్రి మూత్రము అధికముగా తయారగుచున్నదని వైద్యుడు గ్రహించును.

ఈ కాగితముతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెళ్ళవలెను. మూత్ర పరీక్ష, చక్కెర పరీక్ష తప్పక చేయించవలెను. వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడువారు ముందుగా ఆశా కార్యకర్తతోనో ఏ.ఎన్.ఎం.తోనో మాటాడవచ్చును. డెస్మోప్రెసిన్ అను మందు రాత్రి మూత్రమును తగ్గించును. అయితే అది రక్తములోని సోడియమును ప్రమాదకరముగా తగ్గించగలదు, ముఖ్యముగా వృద్ధులలో. కావున దానిని దుకాణములో అడిగి కొనరాదు. వాతలు పెట్టుట, తాయెత్తులు కట్టుట వలన గాయమును ఖర్చును తప్ప ఫలము లేదు.

నీరు మానరాదు

తడిసిపోవునను భయముతో దినమంతయు నీరు త్రాగనివారు కలరు. ఎండలో పని చేయువారికి ఇది ప్రాణాపాయము. నీరు తగ్గిన కొలది మూత్రము చిక్కనై మూత్రాశయమును మండించును; మలబద్ధకము పెరిగి బాధ ఇంకను హెచ్చగును. చేయవలసినది నీరు మానుట కాదు, వేళ మార్చుట. ఉదయము నుండి సాయంకాలము వరకు దాహము తీర త్రాగి, పడుకొనుటకు రెండు మూడు గంటల ముందు నుండి తగ్గించవలెను. సాయంకాలము తరువాత టీ, కాఫీ, మద్యము వర్జింపవలెను. గుండె, మూత్రపిండముల జబ్బులున్నవారు నీటి కొలత వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను.

సాయంకాలమునకు కాళ్ళు వాచువారు మధ్యాహ్నము కొంతసేపు కాళ్ళు ఎత్తుగా పెట్టుకొని పడుకొనవలెను. పగలు కాళ్ళలో చేరిన నీరు రాత్రి పడుకొనగానే రక్తములో కలిసి మూత్రముగా వచ్చుటయే రాత్రి తడికి ఒక కారణము. పడుకొను ముందు మూత్రము పోసి, కొంచెము ఆగి, మరల ఒకసారి పోయవలెను. మంచము దగ్గర చిన్న దీపము, అందుబాటులో మూత్రపాత్ర ఉంచినయెడల చీకటిలో తడుముకొని పడిపోవు ప్రమాదమును తప్పును.

పక్క సిద్ధపరచుట

పరుపుమీద మొదట రబ్బరు గుడ్డ, దానిపై మెత్తని పాత నూలు బట్టల మడత, ఆపై దుప్పటి పరువవలెను. ధాన్యము ఆరబోయు ప్లాస్టిక్ పట్టాను ఒంటికి తగులునట్లు వేయరాదు. చెమట పట్టి చర్మము ఒరయును. దానిపై మరియొక రబ్బరు గుడ్డ, మరియొక దుప్పటి ముందుగానే పరచి ఉంచినయెడల, రాత్రి తడిసినపుడు పై వరుసను లాగివేసి మరల నిద్రించవచ్చును. ఇల్లంతయు మేల్కొనవలసిన పని ఉండదు.

డైపరు వాడువారు ఒక సంగతి గ్రహింపవలెను. కారుటకు కారణము చాల సార్లు డైపరు చాలకపోవుట కాదు, కొలత తప్పుట. పెద్దది తొడిగిన తొడల వద్ద సందు ఏర్పడి కారును. నడుము, తుంటి కొలిచి కొనవలెను. తొడల వద్ద ఉండు కుచ్చుల అంచు లోపలికి మడతపడక నిలిచి ఉండవలెను. పురుషులు అంగమును క్రిందివైపునకు ఉంచి తొడుగుకొనవలెను. పైకి ఉన్నచో నడుము వద్ద కారును. ప్రక్కకు తిరిగి పడుకొనువారికి ఆ ప్రక్కనే కారును గనుక నడుము చుట్టును పీల్చు గుణము గల రకము మేలు. ఒక డైపరులో మరియొకటి పెట్టినను లోపలిదాని ప్లాస్టిక్ వెనుక పొర మూత్రమును బయటిదానిలోనికి పోనీయదు, డబ్బు వృథా.

తడిసిన వెంటనే నీటితో కడిగి, మెత్తగా అద్ది ఆరనిచ్చి, పలుచగా లేపనము రాయవలెను. దట్టముగా రాసిన డైపరు పీల్చు శక్తి తగ్గును. తడిసిన బట్టలను మొదట చన్నీటిలో జాడించి, తరువాత సబ్బుతో ఉతికి, ఎండలో ఆరవేయవలెను. వాడిన డైపరును కాగితములో చుట్టి విడిగా పారిశుధ్య కార్మికునకు ఇయ్యవలెను. 2016 నాటి ఘనవ్యర్థ నిబంధనలలోను ఇట్లు చుట్టి ఇయ్యవలెనని చెప్పబడియుండెను. కాలువలో, మరుగుదొడ్డిలో వేయరాదు.

జాగు చేయరాని గుర్తులు

మూత్రములో రక్తము, జ్వరముతో మంట, విపరీతమైన దాహము, కారణము లేక బరువు తగ్గుట కనిపించిన అలక్ష్యము చేయరాదు. పొత్తికడుపు ఉబ్బి మూత్రము రాకపోవుట, హఠాత్తుగా కాళ్ళలో బలము తగ్గుట, పిరుదుల వద్ద మొద్దుబారుట జరిగిన వెంటనే 108 వాహనమును పిలువవలెను.

ఇంటివారికి ఒక మాట. తడిసిన పక్కను చూచి విసుగుకొనిన ఒక మాట, ఆ పెద్దలను వైద్యుని వద్దకు పోనీయక సంవత్సరములు ఆపివేయును. దుప్పటి ఎవరు ఉతికిరి అను లెక్క కంటె, తండ్రి పండుగకు కూతురి ఇంట రాత్రి నిలిచిరా అను లెక్క గొప్పది. ఆయన సంచిలో ఒక రబ్బరు గుడ్డ, రెండు దుప్పట్లు, మాట బయటికి పోనీయని ఒక తోడు ఉన్న చాలును. ఆ ప్రయాణము జరుగును.