మెతుకుసీమలో చూడదగిన స్థలములు

ఇంగ్లండు దేశపు పల్లెలకు పోయిన యాత్రికునకు గ్రామస్థులు తమ ప్రాచీన దేవాలయమును, సమీపమున కోట యున్నచో దాని శిథిలములను చూపుదురు. కొన్నిచోట్ల పాత ధాన్యపు కొట్టునుగూడ అంతే గౌరవముతో చూపుదురు. ఆక్స్‌ఫర్డు మండలమున గ్రేట్ కాక్స్‌వెల్ అను చిన్న గ్రామము గలదు. అచ్చట 13వ శతాబ్దాంతమున క్రైస్తవ మఠమువారు కట్టించిన గొప్ప రాతి ధాన్యాగారము నేటికిని నిలిచియున్నది. దానిని చూచుటకే జనులు దూరమునుండి వచ్చుచుందురు. రాజుల ఖడ్గములకు వలెనే ప్రజల గింజలకును చరిత్రయందు స్థానము గలదని దీనివలన తెలియుచున్నది. ఈ దృష్టితో మన మెదకును, దాని చుట్టుపట్లను చూచినయెడల, దినదినము మనము చూచునవే క్రొత్తగా కానవచ్చును.

మన పట్టణపు పేరే అన్నముతో ముడిపడియున్నది. పూర్వము దీనికి మెతుకుదుర్గమని పేరుండెననియు, ఆ మెతుకే కాలక్రమమున మెదకుగా మారెననియు పెద్దలు చెప్పుదురు. తరువాతి ప్రభువుల కాలమున పూదోటల ఊరను అర్థముగల గుల్షనాబాదను పేరును వచ్చినది గాని, అది నిలువలేదు. పూదోట పోయి మెతుకే మిగిలినది!

మొదట కోటకు పోవుదము. ఊరి నానుకొనిన కొండపై నున్న యీ దుర్గము కాకతీయుల నాటిది. ప్రధాన ద్వారమున రెండు తలల పక్షియైన గండభేరుండము చెక్కబడియున్నది. సింహద్వారముపై నోరు తెరచిన సింహములు, గజద్వారమున రెండు ఏనుగులు మనకు స్వాగతమిచ్చును. పిమ్మట కోట కుతుబ్‌షాహీల వశమయ్యెను. వారి కాలపు మసీదును, 17వ శతాబ్దపు పెద్ద ఫిరంగియు పైన గలవు. విద్యార్థులు ఫిరంగి చుట్టు మూగుదురు. ధాన్యపు కొట్లయొద్ద నిలుచువారు తక్కువ. కాని యోచించి చూడుడు. శత్రువు కొండను చుట్టుముట్టినప్పుడు, లోపలి గింజలు నిండుకొనినచో ఎంత బలమైన గోడయు వృథాయే. కోటను కాపాడినది రాయి యొక్కటియే కాదు, గింజయు కాపాడినది.

కోటపైనుండి చూచిన పైరుల నడుమ దేవాలయపు గోపురము కనబడును. దాని యెత్తు 175 అడుగులు. రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్టు దొరగారి పూనికతో 1914లో పని యారంభమై, 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. నమూనా గీచినవారు ఇంగ్లండులోని బోల్టను పట్టణపు శిల్పులైన బ్రాడ్‌షా, గాస్, హోప్ అనువారు. పగటి వెలుతురు సోకినప్పుడు రంగుటద్దముల కిటికీలలో క్రీస్తుయొక్క జననము, సిలువ, ఆరోహణము ప్రకాశించును. ఇవన్నియు చూడదగినవే. అయినను ఈ కట్టడముయొక్క మర్మము వేరొకటి గలదు. అవి కరవు దినములు. పొలములు ఎండి పనిలేక పస్తులున్న జనులకు ఈ నిర్మాణమున పని దొరకెను, పనికి బదులు అన్నము దొరకెను. అది బిచ్చము గాదు, చెమటోడ్చి సంపాదించిన కూడు. కనుక ఇందలి ప్రతి రాతివెనుక ఒక కుటుంబపు గంజి గలదని మేము విద్యార్థులకు చెప్పుచుందుము.

పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున మంజీరానది ఏడు పాయలుగా చీలిన చోట ఏడుపాయల వనదుర్గాదేవి గుడి గలదు. మహాశివరాత్రికి అచ్చట గొప్ప జాతర జరుగును. నదికి వరద వచ్చినప్పుడు నీరు గుడిని ముంచెత్తును గనుక, ఆ దినములలో పిల్లలను తీసికొనిపోరాదు. ఆ చేరువనే ఘనపురము ఆనకట్ట గలదు. ఇది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఏలుబడిలో 1905లో ముగిసినది. ఇరుప్రక్కల మహబూబు నహరు, ఫతే నహరు అను కాలువలు ఇరువదివేల ఎకరములకు పైగా భూమిని తడుపుటకై ఏర్పడినవి. ఇప్పుడీ కాలువలు చాలవరకు ఎగువనున్న సింగూరు జలాశయపు నీటిపై నాధారపడియున్నవి. సింగూరు నీరు పట్టణముల దాహమునుగూడ తీర్పవలసియున్నది. కావున నీరు కొరవడిన యేట ఇచ్చటి రైతు నారుమడి యొద్ద నిలిచి కాలువవైపే చూచుచుండును.

వేరొక దిక్కున పోచారము చెరువు గలదు. ఇది 1916 మొదలు 1922 వరకు కట్టబడినది. అనగా మన దేవాలయపు రాళ్లు పైకి లేచుచున్న సంవత్సరములలోనే ఇచ్చట నీటికై కట్ట లేచుచుండెను. 2025 ఆగస్టులో వచ్చిన మహావరదలో కొంత దెబ్బతినినను ఈ పాత కట్ట నిలిచెను. దాని ప్రక్కనున్న అడవి వన్యమృగ సంరక్షణ స్థలమైనందున దుప్పులను, నీటిపక్షులను చూడవచ్చును.

ఈ స్థలములను చూడగోరువారు ఎండ ముదురక మునుపే కోట నెక్కి, పిమ్మట దేవాలయమును దర్శించి, మరియొక దినమున నీటి కట్టడములకు పోవుట మంచిది. కోటలో గింజను దాచిరి. దేవాలయపు పనిలో గింజను పంచిరి. ఆనకట్టలతో గింజను పండించిరి. ఈ మూడును కలిసిననే మన సీమ చరిత్ర పూర్తియగును.

విద్యార్థులారా, కట్టించినవారి పేర్లు పుస్తకములలో గలవు. రాళ్లు మోసినవారి పేర్లు అంత సులభముగా దొరకవు. మీ తాతలను, అవ్వలను అడుగుడు. తమ పెద్దలు ఏ పనికి పోయిరో, ఆ దినములలో ఏమి తినిరో వారు వినియుందురు. ఆ మాటలను వారి పేర్లతో సహా వ్రాసి యుంచుడు. ఆలస్యము చేసినయెడల రాళ్లు మాత్రము మిగులును, మోసినవారి కథ మిగులదు.