ఫిర్యాదు భాషలో స్త్రీ పురుష భేదం

భాషలో స్త్రీ పురుష భేదాల గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనం సాధారణంగా కథల్లోని సంభాషణలను సాక్ష్యంగా తీసుకుంటాం. పాత్ర పలికేది చివరికి రచయిత భాషే కాబట్టి ఆ సాక్ష్యానికి పరిమితి ఉంది. సాహిత్య విలువ ఏమీ లేని రాతలు కొన్ని ఈ విషయంలో ఎక్కువ చెబుతాయని నా అభిప్రాయం. ఇంగ్లీషు నేర్చుకుంటున్న డిగ్రీ విద్యార్థులు రాసే ఫిర్యాదు ఉత్తరాలు అలాంటివి. అధికారం ఎదుట మనిషి ఎలా నిలబడతాడో వాటిలో దాపరికం లేకుండా కనిపిస్తుంది.

హాస్టల్లో నీళ్లు రావడం లేదు, ఊరి స్టాపులో బస్సు ఆపడం లేదు - ఇవీ నేను ఇచ్చే విషయాలు. ఏళ్ల తరబడి దిద్దిన మీదట ఒక తేడా కళ్లకు కడుతోంది. అబ్బాయి మొదటి వాక్యంలోనే తక్షణ చర్య తీసుకోమంటాడు. నీళ్లు ఎన్నాళ్లనుంచి రావడం లేదో మాత్రం రాయడు. అమ్మాయి తేదీ రాస్తుంది, వేళ రాస్తుంది, ఎంత దూరం నడిచి ఎన్ని బకెట్లు తెచ్చుకున్నారో కూడా రాస్తుంది. అయితే ముందు ‘ఇబ్బంది పెడుతున్నందుకు మన్నించండి’ అంటుంది. ‘నేను’ అనవలసిన చోట ‘మేమంతా’ అంటుంది. చివరికి ఏం చేయాలో అడగకుండానే సంతకం పెడుతుంది. ఒకరికి కోపం ఉంది, ఆధారం లేదు; మరొకరికి ఆధారం ఉంది, కోరిక లేదు.

దీన్ని స్త్రీ స్వభావమని తేల్చేయడం సులభం. అమెరికన్ భాషావేత్త రాబిన్ లేకాఫ్ 1975లో వెలువరించిన ‘లాంగ్వేజ్ అండ్ ఉమన్స్ ప్లేస్’లో స్త్రీల మాటల్లో ‘కదా’ అని ముగించే ప్రశ్నలు, ‘అనుకుంటాను’, ‘బహుశా’ వంటి మెత్తని పదాలు, అతి మర్యాద ఎక్కువని చెప్పింది. ఈ అలవాటును సమాజమే నేర్పుతుందని కూడా ఆమె అన్నది. చాలామంది ఆ రెండో మాట వదిలేసి మొదటిది పట్టుకున్నారు. 1980లో విలియం ఓబార్, బోమన్ ఆట్కిన్స్ ఉత్తర కరోలినా న్యాయస్థానాల్లో సాక్షుల మాటలను పరిశీలించారు. వైద్యురాలి హోదాలో బోనెక్కిన స్త్రీ భాషలో ఈ లక్షణాలు చాలా తక్కువ. సమాజంలో కింది మెట్టు మీద ఉన్న పురుషుల భాషలో అవి దండిగా ఉన్నాయి. స్త్రీల భాష అంటున్నది చాలా మేరకు అధికారం లేనివారి భాష అని వారు తేల్చారు.

నా తరగతి అనుభవం ఇందుకు భిన్నంగా లేదు. పొదుపు సంఘం లెక్కలు చూసిన ఒకామె పెళ్లయ్యాక డిగ్రీ చదువుతూ రాసిన ఉత్తరంలో ఒక్క క్షమాపణ లేదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన కూలివారి అబ్బాయి ఉత్తరంలో మూడున్నాయి. మరో సంగతి. ఇంగ్లీషులో ఇంతగా ముడుచుకుపోయే అమ్మాయే రేషన్ డీలరు దగ్గర ‘పోయిన నెలా ఇదే మాట చెప్పారు, బియ్యం ఇచ్చేదాకా ఇక్కణ్ణించి కదలను’ అని నిలదీయగలదు. కాబట్టి లోపం ధైర్యంలో లేదు.

ఉన్నది కొంత భాషల మధ్య, కొంత పాఠ్యపుస్తకంలో. తెలుగులో ‘మీరు’, ‘అండి’, క్రియ చివరి ప్రత్యయం మర్యాద బరువు మోస్తాయి. మర్యాద తప్పకుండానే మాటను ఎంత పదునైనా చేయవచ్చు. ఇంగ్లీషులో ఆ పని వాక్య నిర్మాణమే చేయాలి. అది చేతకాని విద్యార్థి ‘ప్లీజ్’, ‘కైండ్లీ’ అన్న రెండు మాటలను గుప్పిళ్లతో చల్లుతాడు. పైగా మన నమూనా ఉత్తరం దొరగారికి పెట్టుకునే అర్జీకి వారసురాలు. ‘చిత్తగించవలెను’ పోయినా ‘ఐ బెగ్ టు స్టేట్’ పోలేదు. ‘ఒబీడియంట్‌లీ’కి లింగం లేదు గాని తెలుగులో ‘విధేయురాలు’ అని విడిగా రాయాలి!

1987లో ఎలీట్ ఓల్ష్‌టైన్, లియోరా వైన్‌బాక్ ఫిర్యాదును ఐదు మెట్లుగా చూపారు: నింద దాకా పోకుండా ఊరుకోవడం, అసంతృప్తి, సూటి ఫిర్యాదు, ఆరోపణతో హెచ్చరిక, చివరికి బెదిరింపు. వారు చూసింది హీబ్రూ మాట్లాడేవారిని, నేర్చుకునేవారిని. ఆ నిచ్చెన మన ఉత్తరాలకూ పనికొస్తుంది, ఒక ప్రశ్న కలిపితే: ఏ మెట్టు దాకా ఎక్కనిచ్చేది ఎవరు? పై అధికారికి రాస్తానన్న వాక్యం అబ్బాయి పేపర్లో ఉంటే ‘భాషలో బలముంది’ అనీ, అమ్మాయి పేపర్లో ఉంటే ‘మర్యాద నేర్చుకోవాలి’ అనీ వ్యాఖ్య రాసే అధ్యాపకులు మనలో ఉన్నారు.

ఇది మార్కులతో ఆగేది కాదు. పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. ఇంగ్లీషులోనే రాయాలని ఆ చట్టం అనలేదు, కాని కంపెనీ ఆఫీసుల్లో కాగితం నడిచేది ఎక్కువగా ఆ భాషలోనే. ‘ఆయన ప్రవర్తన నాకు కొంచెం ఇబ్బందిగా అనిపించింది’ అని రాసిన వాక్యంలో ఏం జరిగిందో లేదు. ఎదుటి పక్షం ముందుగా పట్టుకునేది ‘అనిపించింది’ అన్న మాటనే. రాయలేని స్త్రీకి కమిటీవారే రాయడంలో సాయపడాలని కూడా చట్టంలో ఉంది. ఆ సాయమంటే ఆమె పక్కన కూర్చుని ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నాడు, ఏం చేశాడు, ఆమె ఏం కోరుతున్నది అన్న వరుసలో ఆమె మాటల్లోనే రాసుకుని, తిరిగి చదివి వినిపించడం. మా తరగతిలో ఈ వరుసను మొదట తెలుగులో రాయిస్తున్నాను. ఇంగ్లీషు ఆ తరువాత.