లెక్కలేని అడుగులు

తెల్లవారుజామున విశాఖ బీచ్‌ రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పెడతారు. కొన్ని గంటలపాటు బండ్లు రావు, రోడ్డంతా నడిచేవాళ్లదే. మోకాలి పట్టీ సర్దుకుంటూ నడిచే మామ్మలు, నేవీ కుర్రాళ్లు, పెళ్లి ముహూర్తంలోగా నాలుగు కిలోలు తగ్గాలని పరుగుతీసే అమ్మాయిలు, రాజకీయాలు మాట్లాడుకుంటూ రోడ్డు మధ్యలో ఆగిపోయే రిటైర్డు బృందాలు. పక్కన రాగిజావ, మొలకలు, కాకరకాయ రసం అమ్మే బండ్లు. ఆ రసం గుటక వేసే క్షణంలో మొహాలు చూడాలి, ఆరోగ్యం ఎంత కష్టమో తెలుస్తుంది.

మూడేళ్ల కిందట ఒక పొద్దున్న మా నాన్నని ఇక్కడికి తీసుకొచ్చాను. బతిమాలి తెచ్చాననడం సరైన మాట.

అప్పటికి అమ్మ పోయి నాలుగు నెలలు. నాన్న పోర్టులో అకౌంట్స్‌ సెక్షన్‌లో 36 ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పాలప్యాకెట్‌ దగ్గర్నుంచి పెళ్లి చదివింపుల దాకా ప్రతిదీ నోటుపుస్తకంలో ఎక్కాల్సిందే. అమ్మ పోయాక ఆ పుస్తకం తెరవడం మానేశాడు. ఏదో తేడాగా ఉందని మాకు మొదట తోచింది అక్కడే. పెదవాల్తేరు ఇంటి వరండాలో గేటుకేసి చూస్తూ కూర్చునేవాడు. రాత్రి రెండింటికి లేచి తలుపు గడియ వేసిందీ లేనిదీ చూసొచ్చేవాడు, మూడింటికి మళ్లీ చూసొచ్చేవాడు. డాక్టర్‌ మాత్రలు రాసి, అదే చీటీ మీద ‘రోజూ నడక’ అని కూడా రాశారు. నాన్న మాత్రలు వేసుకున్నాడు. రెండోదానికి మాత్రం, “నడిచి ఏటి సాధించాలిరా?” అన్నాడు.

అడగాల్సిన ప్రశ్నే. నడిస్తే షుగర్‌ అదుపులో ఉంటుందంటే అందరం తలూపుతాం. మనసు కుదుటపడుతుందంటే మాత్రం, కబుర్లు చెప్పకు అన్నట్టు చూస్తాం. అవి కబుర్లు కావు. దాదాపు రెండు లక్షల మంది వివరాలున్న 15 అధ్యయనాలను కేంబ్రిడ్జి పరిశోధకులు ఒకచోట చేర్చి, 2022లో ఫలితాలు ప్రచురించారు. వారానికి రెండున్నర గంటలు చురుగ్గా నడిచినంత శ్రమ చేసేవాళ్లలో, ఏ శ్రమా చేయనివాళ్లకన్నా డిప్రెషన్‌ ముప్పు 25 శాతం తక్కువగా కనిపించింది. అందులో సగం చేసేవాళ్లలోనూ 18 శాతం తక్కువే. నాకు నచ్చింది ఈ రెండో అంకె. రోజుకి పది, పన్నెండు నిమిషాలన్నమాట. వీధి చివరి పాలబూత్‌కి రెండుసార్లు వెళ్లొచ్చినంత.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో ముచ్చట ఉంది. వయసు మీదపడేకొద్దీ మెదడులో జ్ఞాపకాలకి ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌ కుంచించుకుపోతుంటుంది. అమెరికాలో 120 మంది వృద్ధులని రెండు జట్లు చేసి, ఒక జట్టుని వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిపించారు. రెండో జట్టు చేత ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేయించారు. నడిచినవాళ్లలో ఆ భాగం తగ్గకపోగా 2 శాతం పెరిగింది. రెండో జట్టులో 1.4 శాతం తగ్గింది. 2011లో ఇది వెలువడినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. పొద్దుటి వెలుగు కంటికి సోకితే ఒంట్లోని గడియారం సర్దుకుని రాత్రి నిద్ర పట్టడం తేలికవుతుంది, అది వేరే లాభం.

నాన్నకి ఇవన్నీ వల్లించాను. విని, “అయితే వాళ్లకి ఎంత జీతం ఇచ్చారు నడవడానికి?” అన్నాడు.

మొదటి వారం ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. పార్క్‌ హోటల్‌ వైపు నుంచి మొదలుపెట్టి, కాళీమాత గుడిదాకా వెళ్లి వెనక్కి రావడం మా లెక్క. ఆయన లెక్క వేరు. పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకునేవాడు. నాకు కాస్త బెంగగా ఉండేది, కాస్త విసుగ్గానూ ఉండేది. తొమ్మిదో రోజో పదో రోజో కురుసుర సబ్‌మెరైన్‌ ముందు ఆగాడు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించుకుని, మరుసటేడాది ఈ ఇసుక ఒడ్డున మ్యూజియంగా స్థిరపడిన జలాంతర్గామి అది. దాన్ని ఆ కొసనుంచి ఈ కొసదాకా తేరిపార చూసి, “దీనికి 31 ఏళ్ల సర్వీసేరా. నాది 36” అన్నాడు.

నాలుగు నెలల్లో ఆయన నోట విన్న మొదటి హాస్యం. నేను నవ్వలేదు, నవ్వితే మళ్లీ మూసుకుపోతాడేమోనని.

అక్కణ్నుంచి మాటలొచ్చాయి, కొంచెం కొంచెంగా. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి అమ్మతో కలిసి 32 కిలోమీటర్లూ నడిచిన సంగతి చెప్పాడు. అప్పూఘర్‌ దగ్గర సముద్రస్నానం చేసి తడిబట్టలతోనే నడిచారట. అమ్మ ఎక్కడా ఆగకపోతే తనే కాలు నొప్పని అబద్ధమాడి మజ్జిగ పందిరి దగ్గర కూలబడ్డాడట. ఇంకోరోజు సముద్రం వైపు చూస్తూ, “పొద్దున్న కుక్కర్‌ పెట్టానురా. ఎన్ని విజిళ్లకి దించాలో అడుగుదామని వెనక్కి తిరిగాను” అని ఊరుకున్నాడు. నేనూ సముద్రం వైపే చూశాను.

ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఉంటే ఆ మాట వచ్చేది కాదు. మన ఇళ్లలో మగవాళ్లకి బాధ చెప్పుకోవడం చేతకాదు. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ చెప్పడం అసలే రాదు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఆ ఇబ్బంది ఉండదు. ఇద్దరి చూపూ దారిమీదే. మాట ఆగితే దాన్ని పూరించడానికి అడుగుల చప్పుడుంది, అలల హోరుంది. మాట మార్చాలంటే ఎదురొచ్చే కుక్కపిల్ల ఉంది.

ఒంటరి నడకకీ దాని మేలు దానికుంది. దిగులు పట్టిన మనసు ఒకే సంగతిని పశువు నెమరేసినట్టు నెమరేస్తుంది. అదే అవమానం, అదే ‘అప్పుడు అలా చేసుంటే’. 2015లో స్టాన్‌ఫర్డ్‌ పరిశోధకులు 38 మందిని తీసుకుని, సగం మందిని చెట్లూ గడ్డీ ఉన్న దారిలో, మిగతావాళ్లని రద్దీ రోడ్డు పక్కన గంటన్నర నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్లలో ఈ నెమరువేత తగ్గింది, దానితో ముడిపడిన మెదడు భాగం నెమ్మదించింది. రోడ్డు పక్కన నడిచినవాళ్లలో ఆ మార్పు లేదు.

ఇక్కడే నా ఫిర్యాదు. జూబ్లీహిల్స్‌లో 390 ఎకరాల కేబీఆర్‌ పార్కుంది, మాకు బీచ్‌ రోడ్డుంది. అవి దగ్గర్లో లేనివాళ్ల సంగతేమిటి? మన కాలనీల్లో ఫుట్‌పాత్‌ అంటే ఒక ట్రాన్స్‌ఫార్మర్‌, రెండు బైకులు, ఒక టిఫిన్‌ బండి, మూత లేని మ్యాన్‌హోల్‌. వీధి మలుపులో కుక్కల గుంపు. నడవమని చెప్పడం తేలిక.

ఆడవాళ్లకి ఇంకా కష్టం. ఆరింటికి రోడ్డు ఖాళీగా ఉంటుంది సరే, ఆరింటికే కదా పిల్లల క్యారియర్లు కట్టాల్సింది! మా చెల్లెలు విజయవాడలో మూడంతస్తుల డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య సందు చూసుకుని రాత్రి తొమ్మిదిన్నరకి నడుస్తుంది. చెవిలో ఫోన్‌ ఉంటుంది, అవతల ఎవరూ ఉండరు. “మాట్లాడుతున్నట్టు కనబడితేనే ఎవరూ పిలవరు అన్నయ్యా” అంటుంది.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఇవన్నీ విని నవ్వింది. రోజూ ఐదిళ్లు తిరుగుతుంది, మా అందరికన్నా ఎక్కువే నడుస్తుంది. “నాకే జబ్బూ రాకూడదు కదయ్యా మరి?” అంది. నా దగ్గర జవాబు లేకపోయింది. పనికోసం పడే శ్రమ మనసుకి అదే ఊరట ఇవ్వదని పరిశోధనలూ చెబుతున్నాయి. గడియారం తరుముతుంటే, మోసే సంచీ భుజం కోస్తుంటే అది నడక కాదు, చాకిరీ. ఎవరికీ లెక్క అప్పజెప్పనక్కర్లేని అరగంట చిక్కడమే అసలు మందు అనిపిస్తుంది నాకు. కాళ్లు ఆ అరగంటకి సాకు.

అందుకే ఈ పదివేల అడుగుల పిచ్చి మీద నాకు గౌరవం లేదు. ఆ అంకె ఏ ఆసుపత్రిలోనూ పుట్టలేదు. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్ముతూ దానికి ‘మాన్పోకే’ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరని అర్థం. వ్యాపారం పెట్టిన పేరు వేదవాక్కయి కూర్చుంది. రాత్రి పదకొండింటికి 9,400 దగ్గర ఆగిపోయి, హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేసే మిత్రుడొకడు నాకున్నాడు. వాడికి తగ్గాల్సిన దిగులే వాడి మణికట్టుకి కట్టి ఉంది.

ఒకటి మాత్రం దాచకూడదు. నాన్న మాత్రలు మానలేదు, మేం మాననివ్వలేదు. మంచం దిగడానికే ఒళ్లు సహకరించని స్థితిలో ఉన్న మనిషితో ‘లేచి నాలుగడుగులు వెయ్యి, అదే పోతుంది’ అనడం క్రూరత్వం. చచ్చిపోవాలన్న ఆలోచన తొంగిచూస్తే నడక కోసం కాదు, సాయం కోసం వెతకాలి. 14416కి ఫోన్‌ చేస్తే టెలీ మానస్‌ వాళ్లు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సేవ, పైసా ఖర్చు లేదు.

అడుగులు లెక్కపెట్టడం నాన్న ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు. నోటుపుస్తకం మాత్రం మళ్లీ తెరిచాడు. ఒకరోజు తీసి చూస్తే ‘రాగిజావ 2’ అని ఉంది. మర్నాడూ అంతే. నెల తిరిగేసరికి ‘రాగిజావ 5’. ఐదెవరికి నాన్నా అంటే, కురుసుర దగ్గర పరిచయమైన బ్యాచ్‌ అన్నాడు. ఒకాయన రైల్వే, ఒకాయన డాక్‌యార్డు, ఇంకొకాయన స్కూలు హెడ్మాస్టరు. పెన్షన్‌ లెక్కల్లో ముగ్గురికీ ఈయనే దిక్కట.

కిందటి సంక్రాంతి సెలవులకి నాన్న దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ ఐదింటికే లేచి బూట్లు వేసుకున్నాను. నాన్న గేటు దగ్గర మంకీ క్యాప్‌ సర్దుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

“నువ్వెందుకురా? పడుకో. మావాళ్లు నీ ముందు సరిగ్గా మాట్లాడరు.”