అద్భుత కథలలో మృత్యువు, పరలోకం

మానవుడు కథ చెప్పనేర్చిన నాటినుండి మృత్యువును గురించి చెబుతూనే ఉన్నాడు. శాస్త్రం మరణానికి కారణాన్ని వివరిస్తుంది. మతం మరణానంతర జీవితాన్ని గురించి విశ్వాసాన్ని ప్రసాదిస్తుంది. ఈ రెండింటి నడుమ నిలిచి, “చావు లేకుండా ఉంటే ఏమవుతుంది?” అని ప్రశ్నించేది అద్భుత కథ. అయితే ఈ కథలపై రెండు వైపులనుండి ఆక్షేపణ వినవస్తూ ఉంటుంది. ఇవి మూఢనమ్మకాలని విజ్ఞానశాస్త్ర విద్యార్థులలో కొందరంటారు. ఇందలి పరలోక వర్ణనలు విశ్వాసానికి భంగకరమేమోనని భక్తిపరులైన పెద్దలు కొందరు శంకిస్తారు. కథల లోపలికి వెళ్ళి చూస్తే ఈ రెండు ఆక్షేపణలూ నిలువవని మా అభిప్రాయం. అద్భుత కథ అమరత్వాన్ని ఆశ చూపుతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది నేర్పేది మృత్యువును అంగీకరించడమే.

తెలుగువారికి చిరపరిచితమైన బాలనాగమ్మ కథనే తీసుకొందాము. బుర్రకథగా ఊరూరా వినిపించిన ఈ కథ 1942లో జెమిని వారి చిత్రంగా కూడ వెలువడినది. అందులో మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు నటించారు. ఈ మాంత్రికుణ్ణే కొన్ని పాఠాలలో మాయల ఫకీరు అంటారు. అతడు బాలనాగమ్మను అపహరిస్తాడు. వెంట వచ్చినవారిని రాళ్ళుగా మారుస్తాడు. కత్తికి అతడు చావడు. ఎందుకంటే అతని ప్రాణం అతనిలో లేదు, ఏడు సముద్రాల కవతల ఒక చిలుకలో ఉన్నది. ఉయ్యాలనాడే తల్లిని పోగొట్టుకొన్న బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, ఆ రహస్యం తెలుసుకొని, ప్రాణానికి తెగించి వెళ్ళి ఆ చిలుకను పట్టి తెస్తాడు.

ఇక్కడ గమనింపవలసిన దొకటి కలదు. ప్రాణాన్ని దాచుకొన్నవాడు దుష్టుడు; ప్రాణానికి తెగించినవాడు నాయకుడు. ఇది మన దేశానికే పరిమితమైన ఊహ కాదు. రష్యా జానపద కథలలోని కోష్చేయ్ తన ప్రాణాన్ని ఒక సూది మొనలో, ఆ సూదిని ఒక గుడ్డులో దాచుకొంటాడు. నేటి విద్యార్థులు ఆసక్తితో చదివే హారీ పోటర్ నవలలలో వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి పలు వస్తువులలో భద్రపరుస్తాడు. ఆ నవలలను చూచి అబ్బురపడేవారు మన మరాఠీ చిలుకను కూడ జ్ఞాపకం చేసుకోవలెను. దేశాలు వేరైనా తీర్పు ఒక్కటే: చావుకు భయపడి ప్రాణాన్ని తననుండి వేరుచేసుకొన్నవాడు దానితోపాటు మనిషితనాన్ని కూడ పోగొట్టుకొంటాడు.

అమృతం విషయంలోనూ ఇంతే. దొంగతనంగా అమృతం త్రాగిన రాహువుకు దక్కినది మొండెం లేని తల మాత్రమే. ఫారసీ, ఉర్దూ సాహిత్యాలలో ప్రసిద్ధమైన గాథ ననుసరించి, ప్రపంచాన్ని జయించిన సికందర్ ఆబ్-ఎ-హయాత్ కోసం చీకటి ప్రదేశాలలో వెదకి, వట్టి చేతులతో మరలినాడు. ఆ జలం రాజ్యకాంక్ష లేని ఖిజ్ర్‌కు లభించినది. 1883 నుండి లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం ప్రచురించిన ‘తిలిస్మ్-ఎ-హోష్‌రుబా’లో మాంత్రికులకు కొదువ లేదు. కాని ఎంతటి మాయాలోకానికైనా అంతమయ్యే గడియ, అంతం చేసే వీరుడు ముందే నిర్ణీతమై ఉంటారు. మాయ కూడ మర్త్యమే అన్నమాట.

ఇక పరలోకం. మన చలనచిత్రాలలో యమలోకం ఒక న్యాయస్థానం, ఒక కచేరీ. చిత్రగుప్తుని చిట్టా అందులో ముఖ్యమైన దస్తావేజు. 1960 నాటి ‘దేవాంతకుడు’, 1977 నాటి ‘యమగోల’, 2007 నాటి ‘యమదొంగ’ ఈ కోవలోనివే. ‘యమగోల’లో నాయకుడు యమభటులచేత సమ్మె కూడ చేయిస్తాడు. ప్రేక్షకులు నవ్వుతారు. ఆ నవ్వులో ఒక కోరిక దాగి ఉన్నది: ఇక్కడి కచేరీలలో దొరకని న్యాయం అక్కడనైనా దొరకవలెనని, ఎంతటి ధనికునికైనా అక్కడి లెక్క తప్పరాదని. ఇస్లాంలో ప్రతి మనిషి కర్మలను దైవదూతలు లిఖిస్తారనీ, ఆ కర్మపత్రం తీర్పునాడు అతని చేతికి వస్తుందనీ విశ్వాసం. రెండింటి సిద్ధాంతాలు వేరు. వాటిని కలగాపులగం చేయరాదు. కాని ఏ మనిషీ లెక్కలోకి రాకుండా పోడన్న ఆశ్వాసం రెండింటిలోనూ ఉన్నది.

ఈ ఆశ్వాసం విలువ ఏమిటో ఈపురుపాలెం మొదలు రేపల్లె వరకు గల మన తీరప్రాంతానికి చెప్పనక్కరలేదు. ‘యమగోల’ వెలువడిన ఆ 1977లోనే, నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి, ఈ తీరాన్నంతటినీ అతలాకుతలం చేసినది. పది వేలకు తక్కువ కాకుండ ప్రాణాలు పోయినవి. పేరు తెలియకుండా సామూహికంగా దహనమైనవారు, ఖననమైనవారు ఎందరో. అట్టివారి పేర్లు కూడ ఎక్కడో ఒకచోట వ్రాయబడి ఉన్నవని నమ్మడం మూఢత్వమని పరిహసించగలమా?

అయితే కథ మతగ్రంథం కాదు. ఈ సంగతి మన పొరుగున ఉన్న తెనాలి రచయితల వలన స్పష్టమవుతుంది. తెనాలికి చెందిన చక్రపాణి, బి. నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో ‘చందమామ’ను ప్రారంభించారు. తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో మరణించేవరకు దాని సంపాదకత్వ బాధ్యత వహించారు. ఆయన మార్క్సిస్టు, విప్లవ రచయితల సంఘంలో ఉన్నవారు. అట్టివారి చేతిమీదుగానే శవంలోని బేతాళుడు నెలనెలా పిల్లలతో మాట్లాడినాడు. ఆ బేతాళుడు పిల్లలకు దయ్యాల మీద నమ్మకం నేర్పలేదు. ఎవరు చేసినది ధర్మమో, ఎవరిది త్యాగమో ఆలోచించమన్నాడు. భుజాన శవాన్ని మోస్తూ కూడ న్యాయం చెప్పవలసినదే: విక్రమార్కుని కథలోని సారమిదే.

కాబట్టి విద్యార్థులారా, ఈ కథలను నమ్మకం కోసం చదువకండి. వివేకం కోసం చదవండి. మన గ్రంథాలయంలో ఉర్దూ దాస్తాన్లు, తెలుగు కాశీమజిలీ కథలు పక్కపక్కనే ఉండవలెనని కళాశాల కమిటీ వారికి మా మనవి. ఒక భాష పిల్లలు మరొక భాషవారి మాంత్రికుణ్ణి గుర్తుపట్టినప్పుడు, ఇరువురి భయమూ ఒక్కటేనని గ్రహిస్తారు. ఒకే భయాన్ని పంచుకొన్నవారు పరస్పరం పరాయివారు కాజాలరు.