పంపేదీ మనవాళ్ళే

మెయిలు తెరవగానే పైన ఒక పలకరింపు, దాని కింద ఒక పట్టిక. పేరు, టెక్నాలజీ, ఎక్స్‌పీరియన్స్, వీసా, ఉంటున్న ఊరు, ఊరు మారతాడా లేదా. జావా, తొమ్మిదేళ్ళు, హెచ్‌-1బి, డల్లాస్, ఎక్కడికైనా రెడీ. దాని కింద డాట్‌నెట్, దాని కింద సేల్స్‌ఫోర్స్. ఇలా పాతిక ముప్పై వరసలు. దీన్ని హాట్‌లిస్టు అంటారు. అమెరికాలో ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద ఖాళీగా ఉన్న మనుషుల జాబితా. అక్కడ ఆఫీసులు తెరిచే వేళకి, అంటే మనకు సాయంత్రం ఏడు ప్రాంతంలో, అమీర్‌పేటలోనూ కూకట్‌పల్లిలోనూ చిన్న చిన్న ఆఫీసుల్లో కుర్రాళ్ళు హెడ్‌సెట్లు తగిలించుకుని కూర్చుని ఇలాంటి మెయిళ్ళను వేల అడ్రసులకు ఒక్క దెబ్బతో పంపిస్తారు. వాళ్ళ భాషలో దాని పేరు బ్లాస్ట్. ఆ ఉద్యోగం పేరు బెంచ్ సేల్స్.

ఆ మెయిళ్ళలో చాలావాటికి అట్టడుగున చిన్న అక్షరాల్లో నాలుగు లైన్లు ఉంటాయి. అమెరికా 105వ కాంగ్రెస్ ఆమోదించిన ఎస్.1618 బిల్లు ప్రకారం దీన్ని స్పామ్ అనకూడదట. వద్దనుకుంటే ‘రిమూవ్’ అని రిప్లై ఇస్తే చాలట. చదివినవాడికి ఇదేదో గట్టి చట్టమే అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే ఆ బిల్లు 1998లో సెనెట్ గడప దాటింది గాని చట్టం కాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పాతికేళ్ళు దాటినా ఆ సోమలింగం పేరు మీదే మనవాళ్ళు మెయిళ్ళు కొడుతున్నారు. ఎక్కడినుంచి ఎవరు కాపీ కొట్టారో, వాళ్ళ దగ్గర ఇంకెవరు కొట్టారో!

ఈ గొడవంతా ఎందుకంటే, ఈ పట్టికలోని వరసలూ, దాన్ని పంపే చేతులూ చాలావరకు పరిటాల లాంటి ఊళ్ళవే కాబట్టి. విజయవాడ నుంచి హైదరాబాద్ హైవే మీద వెళ్తుంటే 135 అడుగుల ఆంజనేయస్వామి కనపడగానే పరిటాల వచ్చిందని తెలుస్తుంది. ఆ తర్వాత కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అని రాస్తున్నా, పాతవాళ్ళకి ఇదంతా మెట్ట కృష్ణాయే. పత్తి, మిర్చి, సిమెంటు. పరిటాలలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీ, పక్కన కంచికచర్లలో ఇంకోటి. మిర్చి డబ్బుతో బీటెక్, పొలం తాకట్టుతో ఎమ్మెస్. స్వామివారి విగ్రహం నిలబడింది 2003లో. స్పామ్ మెయిళ్ళ మీద అమెరికా నిజంగా ఒక చట్టం చేసిందీ ఆ ఏడాదే. డిసెంబరు 16న సంతకమైన ఆ క్యాన్-స్పామ్ చట్టం కింద, నియమం తప్పిన ఒక్కో మెయిలుకీ ఇవాళ 50 వేల డాలర్లకు పైగా జరిమానా పడొచ్చు. ఈ చట్టం పేరు మాత్రం హాట్‌లిస్టుల కింద పెద్దగా కనపడదు.

స్పామ్‌కీ గ్రీన్‌కార్డుకీ ఉన్న చుట్టరికం మనవాళ్ళతో మొదలైంది కాదు. 1978 మే 3న గ్యారీ థర్క్ అనే కంప్యూటర్ల సేల్స్‌మన్ ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకే ప్రకటన పంపాడు. మొదటి స్పామ్ అదేనంటారు. జనం తిట్టారు, కంప్యూటర్లు మాత్రం అమ్ముడుపోయాయి. ఆ తర్వాత అసలు గత్తర పుట్టించింది 1994 ఏప్రిల్‌లో అరిజోనాకు చెందిన ఇద్దరు లాయర్లు, క్యాంటర్, సీగెల్. యూజ్‌నెట్‌లో వేల చర్చా బృందాల్లోకి ఒకే ప్రకటన తోసేశారు. అమ్మకానికి పెట్టిన సరుకు గ్రీన్‌కార్డు లాటరీ దరఖాస్తు. దుమారం రేగినా వాళ్ళు క్షమాపణ చెప్పలేదు సరికదా, ఇలా సంపాదించడం ఎలాగో ఒక పుస్తకం కూడా రాశారు.

స్పామ్ గుట్టంతా ఒక్కచోట ఉంది: పంపేవాడికి ఖర్చు లేదు. ఫలానా గుళ్ళో పాము మనిషి రూపంలో మాట్లాడింది, ఈ సంగతి ఇంతమందికి రాసి పంచితే లాటరీ తగులుతుంది, చింపేస్తే రక్తం కక్కుకుంటావు అని కార్డులు వచ్చిన కాలం నడివయసు దాటిన వాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. భయపడ్డవాడు కూడా ఇరవై కార్డులు కొని, చేత్తో రాసి, డబ్బాలో వెయ్యాలి. చెయ్యి నొప్పెడుతుంది, జేబు ఖాళీ అవుతుంది. చాలామంది ఐదో కార్డు దగ్గరే దేవుడికి దణ్ణం పెట్టి ఊరుకునేవాళ్ళు. మెయిలుకి ఆ అడ్డు లేదు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు స్టార్మ్ అనే స్పామ్ ముఠా యంత్రాంగంలోకి చొరబడి లెక్క తీశారు. 26 రోజుల్లో మందుల ప్రకటనలతో సుమారు 35 కోట్ల మెయిళ్ళు వెళ్తే, కొనడానికి సిద్ధపడినవాళ్ళు 28 మంది. ఏ వ్యాపారీ ఈ లెక్కతో బతకలేడు. స్పామర్ బతుకుతాడు.

పంపే చోటును మూసేస్తే ఏమవుతుందో కూడా ఆ ఏడాదే తెలిసింది. కాలిఫోర్నియాలోనే మెక్‌కోలో అనే సర్వర్ల కంపెనీకి నవంబరు 11న ఇంటర్నెట్ లైను కోసేశారు. ప్రపంచం మొత్తం మీద స్పామ్ ఒక్క రోజులో దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది. కొన్ని నెలల్లో మళ్ళీ పెరిగిందనుకోండి. అయినా పట్టుకోవాల్సింది అందుకునేవాణ్ణి కాదు, పంపేవాణ్ణి అని అప్పుడే తేలిపోయింది.

మన చట్టం ఫోన్ విషయంలో ఈ సంగతి గ్రహించింది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం టోకున మెసేజీలు పంపే కంపెనీ ముందు నమోదు కావాలి, పంపే మెసేజీ నమూనా కూడా నమోదు కావాలి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి, బ్యాంకుల కాల్స్ 1600తో మొదలయ్యే వాటి నుంచి రావాలన్నారు. మెసేజీ పంపినవాడి పేరు చివర పి అని ఉంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. 2025 ఫిబ్రవరి సవరణతో ఫిర్యాదు గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. ఇన్ని కట్టుబాట్లున్నా లోను కావాలా సార్ అనే ఫోన్లు ఆగలేదు నిజమే. కనీసం ఫిర్యాదుకు 1909 అని ఒక నంబరుంది.

మెయిలుకి అదీ లేదు. ఒకప్పుడు ఒక ముక్క ఉండేది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించి 66ఎ సెక్షన్ చేర్చినప్పుడు, విసిగించడానికో, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకుండా మోసగించడానికో పంపే మెయిళ్ళను అందులో సి క్లాజు కింద పెట్టారు. మిగతా సెక్షన్‌ను పోలీసులు ఫేస్‌బుక్ పోస్టులు పెట్టినవాళ్ళ మీద ఎలా వాడారో తెలిసిందే. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. ధర్మాసనంలో ఉన్న ఇద్దరిలో ఒకరు మన కృష్ణా జిల్లా వ్యక్తి, జస్టిస్ జాస్తి చలమేశ్వర్. తీర్పు సరైనదే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సి క్లాజు కూడా దాంతోనే పోయింది. దాని స్థానంలో స్పామ్ మెయిలు కోసం ప్రత్యేకంగా ఏ చట్టమూ రాలేదు.

చట్టం వర్తించని ఇలాంటి పరిస్థితి పరిటాలకు కొత్త కాదు. నిజాం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినప్పుడు వజ్రాల గనులున్న పరిటాలనూ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళనూ మాత్రం తన కిందే ఉంచుకున్నాడు. రీజెంట్ వజ్రం దొరికింది ఇక్కడేనని చెప్పేవాళ్ళున్నారు. చుట్టూ కంపెనీ, ఆ తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం. మధ్యలో ఈ కాసిని ఊళ్ళు నైజాం. పొలిమేర అవతల చెల్లే చట్టం ఇవతల చెల్లదు. మన దేశంలో మెయిలు ఇవాళ అప్పటి పరిటాలలా ఉంది. చుట్టూ ట్రాయ్ నిబంధనలు, లోపల ఎవరి ఇష్టం వాళ్ళది.

చట్టం చేయని పనిని ఫిల్టర్లు చేస్తున్నాయి. పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ 2002 ఆగస్టులో ఒక వ్యాసం రాశాడు. ఫలానా మాట ఉంటే స్పామ్ అని చేత్తో రూల్సు రాయడం మానేసి, మంచి మెయిళ్ళలో ఏ మాట ఎన్నిసార్లు వస్తుంది, చెత్తలో ఎన్నిసార్లు వస్తుంది అని మెషీన్‌నే లెక్క వేసుకోనిమ్మన్నాడు. ఆ దారి బాగా పనిచేసింది. 2004లో బిల్ గేట్స్ దావోస్‌లో మరో రెండేళ్ళలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నాడు. ఎంత తీరిందో చూస్తూనే ఉన్నాం. రోజుకు దాదాపు 1,500 కోట్ల అక్కర్లేని మెయిళ్ళను ఆపుతున్నామనీ, అది 99.9 శాతమనీ జీమెయిల్ చెబుతుంది. ఆ లెక్కన జారిపోయే వెయ్యో వంతే రోజుకు కోటిన్నర.

ఆ జారిన కోటిన్నరలో ఒకటి కంచికచర్ల నెట్ సెంటర్‌లో కాగితం మీద చూశాను. పెద్ద కంపెనీ పేరుతో ఆఫర్ లెటర్. పైన లోగో, కింద సంతకం. లాప్‌టాప్‌కి డిపాజిట్ కట్టాలి, చేరాక తిరిగిస్తారు. ఆ లెటర్ వచ్చిన కుర్రాడి తండ్రి డబ్బు కట్టించమని వస్తే, సెంటర్ అతను ఆపాడు.

“అడ్రసు చూడు బాబాయ్. అంత పెద్ద కంపెనీ వాడు మామూలు జీమెయిల్ నుంచి రాస్తాడా? కట్టమాకండి.”

“మరి మావాడి పేరు, కాలేజీ, పర్సెంటేజీ అన్నీ కరెక్టుగా ఉన్నాయి గదయ్యా?”

“రెజ్యూమె ఎక్కడెక్కడ పెట్టాడో ఇంటికెళ్ళి అడుగు.”

ఆ జవాబులోనే కథంతా ఉంది. లింక్డిన్‌లో ఎవడో ఉద్యోగాలున్నాయని పోస్టు పెడతాడు, కింద మెయిల్ ఐడీ రాయండి అంటాడు. వేలమంది ‘ఇంట్రెస్టెడ్’ అని రాసి ఐడీ పెడతారు. ఉద్యోగాలు ఉన్నా లేకపోయినా ఒక జాబితా తయారవుతుంది. దాన్ని హాట్‌లిస్టు వాడూ వాడుకుంటాడు, డిపాజిట్ వాడూ వాడుకుంటాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం అన్యాయమే. ఒకడు ఉద్యోగం ధర్మంగా చేస్తున్నాననుకుంటున్నాడు, రెండోవాడు దొంగ. ఇద్దరి చేతిలో ఉన్న పనిముట్టు మాత్రం ఒకటే.

బెంచ్ సేల్స్‌లో చేరే పిల్లల్ని తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. క్యాంపస్‌లో ఉద్యోగం రాని బీటెక్‌కి ఇంగ్లీషు నాలుగు ముక్కలొస్తే దొరికే పని అది. చిన్న జీతం, ప్లేస్‌మెంట్ పడితే ఇన్సెంటివ్, రాత్రంతా మేలుకోవడం. ఎన్ని మెయిళ్ళు కొట్టావన్నది అక్కడ రోజు లెక్క. పంపే చేతులకు అంతకంటే దుర్మార్గమైన గతి పట్టిన సంగతీ మన దగ్గరే బయటపడింది. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఆంధ్ర కుర్రాళ్ళను కంబోడియా పంపి, పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఏజెంట్లను అరెస్టు చేశారు. నమ్మి వెళ్ళినవాడే అక్కడ కూర్చుని ఇంకొకణ్ణి నమ్మించాల్సి వచ్చింది.

ఈమధ్య పంపేవాళ్ళకు నిజంగా తగిలిన దెబ్బ ఏ ప్రభుత్వమూ వేసింది కాదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కొత్త షరతులు పెట్టాయి. జీమెయిల్‌కి రోజుకు 5 వేలకు మించి పంపేవాడు తన డొమైన్ తనదేనని రుజువు చేసుకోవాలి, ఒక్క నొక్కుతో వద్దనే వీలు ఇవ్వాలి, స్పామ్ అని వచ్చే ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే మీరు ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కడం ఉత్త కసి తీర్చుకోవడం కాదు, పంపినవాడి ఖాతాలో పడే లెక్క.

హైదరాబాద్ ట్రిపుల్ఐటీలో ఆచార్యుడైన పొన్నురంగం కుమారగురు కార్నెగీ మెలన్‌లో పరిశోధన చేసినప్పుడు ఇంకో సంగతి గమనించారు. మోసపు మెయిళ్ళ గురించి ముందే పాఠం చెబితే జనం పెద్దగా పట్టించుకోరు. ఉత్తుత్తి మోసపు మెయిలు పంపి, నొక్కిన మరుక్షణమే ఇదిగో ఇలా పడ్డావు అని చూపిస్తే నాలుగు వారాల తర్వాత కూడా గుర్తుంటుంది. పరిటాల, కంచికచర్ల కాలేజీలు ఫైనలియర్ పిల్లలకి ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో భాగంగా ఈ పని చేయించొచ్చు. అదేం ఖర్చుతో కూడినది కాదు.

2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమ్మతి లేకుండా మన వివరాలు వాడకూడదంటోంది. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకు. అది మెయిలు దాకా పనిచేస్తుందో లేదో అప్పుడు చూద్దాం. నా మటుకు అది చాలదు. టోకు మెసేజీలకు పెట్టినట్టే టోకు మెయిళ్ళకూ నమోదు పెట్టాలి, ఒక ఫిర్యాదు నంబరు ఉండాలి.

ఈలోగా చేయాల్సినవి కొన్ని. తెలియనివాడి మెయిలుకి ‘రిమూవ్’ అని రిప్లై ఇవ్వకండి, ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని మీరే చెప్పినట్టవుతుంది. ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కండి. పీఎం కిసాన్ అనో, ఆర్టీవో చలానా అనో వాట్సప్‌లో ఏపీకే ఫైలొస్తే తెరవకండి. లింక్డిన్ పోస్టుల కింద మెయిల్ ఐడీ పెట్టకండి. డబ్బు పోతే మాత్రం పరువు పోతుందని దాచుకోవద్దు, తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే బ్యాంకులో ఆ డబ్బును అంత త్వరగా ఆపగలుగుతారు.